పోస్టరు రంగులు

(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగలో రంగులను గూర్చి మాటలాడుట యేమని కొందరికి తోచవచ్చును. కాని గ్రంథాలయమునకు పుస్తకము లెంత అవసరమో, పుస్తకములున్నవని ఊరివారికి తెలియజేయుటయు నంత అవసరము. ఆ పనిని 25 సంవత్సరములుగా మన వాకిటి గోడమీది పోస్టరు చేయుచున్నది. కొత్త పుస్తకములు వచ్చినను, హరికథ యేర్పాటైనను, కంటి వైద్యశిబిరము జరిగినను మన యువకులు దళసరి కాగితముమీద రంగులతో వ్రాసి అంటించినారు. ఇప్పుడు పట్టణమునకు ఫోను చేసినచో సాయంత్రమునకు ఫ్లెక్సీ వచ్చుచున్నది. కనుక రంగుల సీసాలకు ఇకమీదట సొమ్ము కేటాయింపవలెనా, బీరువాపై చుట్టలుగా నున్న పాత పోస్టర్లను ఉంచవలెనా, తీసివేయవలెనా యని కార్యవర్గమువారు ఆలోచించుచున్నారు. నా అభిప్రాయమును గూడ అడిగినారు. అభిప్రాయము చెప్పుటకు ముందు ఆ వస్తువు నెరుగుట న్యాయము.

పోస్టరు రంగు ముఖ్యముగా మూడు దినుసుల కూడిక. మొదటిది రంగునిచ్చు మెత్తని పొడి. రెండవది ఆ పొడిని కాగితమునకు పట్టియుంచు జిగురు. తుమ్మజాతి చెట్ల బంక గాని, పిండిపదార్థమునుండి తీసిన డెక్‌స్ట్రిన్ గాని ఇందుకు వాడుదురు. మూడవది సుద్దవంటి తెల్లని పొడి. ఇది రంగునకు చిక్కదనమును, క్రిందిదానిని కప్పివేయు శక్తిని ఇచ్చును. వెలను గూడ తగ్గించును. వీనిని నీటితో కలిపి, తొందరగా ఎండిపోకుండుటకు కొంచెము గ్లిసరినును, బూజు పట్టకుండుటకు ఒక మందును చేర్చి సీసాలలో నింపుదురు. చిత్రకారులు గ్వాష్ అని పిలుచు రంగు దీనికి అన్నవంటిది. అందులో రంగుపొడి పాలు హెచ్చు, సుద్ద పాలు తక్కువ, వెల యెక్కువ.

ఈ సుద్ద చేయు పని చిత్రమైనది. పలకను తడిగుడ్డతో తుడిచి, తడి యారకముందే బలపముతో వ్రాసినచో గీత సరిగా కనబడదు. ఆరిన పిదప తెల్లగా తేలును. బియ్యపుపిండిని నీటిలో కలిపి పెట్టిన ముగ్గు మొదట మసకగా నుండి, ఎండినకొద్ది వెలుగును. మన ఆడువారికి ఇది దినదినము తెలిసిన సంగతియే. కారణ మేమనగా, వెలుగు ఒక పదార్థమునుండి వేరొక పదార్థములోనికి పోవునపుడు వంగును. సుద్దరేణువునకు నీటికి ఈ విషయమున భేదము స్వల్పము. కావున తడిగా నున్నపుడు వెలుగు చాలవరకు లోనికి దూసికొనిపోవును. నీరు పోయి రేణువుల నడుమ గాలి చేరగా భేదము పెరిగి, వెలుగు చెదరి వెనుకకు మరలును. కంటికి తెలుపు తోచును. పోస్టరు రంగు ఆరిన తరువాత తడిలో చూచినదానికంటె పాలిపోవుటకు ఇదియే ముఖ్యమైన హేతువు. కొత్తవాడు కుంచెమీది నీలమును నమ్మి ఆకాశము వేయును. గడియసేపటికి అది వేరొక నీలమగును. అందువలన కలిపిన రంగును ముందుగా ఒక కాగితపుముక్కపై పూసి, ఆరనిచ్చి చూచి, ఆ తరువాతనే బొమ్మకు తాకింపవలెను. ఒకసారి కలిపిన ఛాయను మరల అట్లే కలుపుట చేయి తిరిగినవారికి గూడ కష్టము. కావలసినదానికంటె కొంచె మెక్కువగా కలిపికొనుట మేలు.

రంగునకు జిగురే ప్రాణము. జిగురు చాలనిచో ఆరిన రంగును వ్రేలితో రాచినపుడు పొడి చేతికంటును. ఎక్కువైనచో రంగు నిగనిగలాడి, ఆరునపుడు ముడుచుకొని, ఎండిన చెరువువలె బీటలువారును. దళసరిగా పులిమిన చోటను ఇదే గతి. నీరు అతిగా పోసినచో జిగురు పలుచనై మరల పొడి రాలును. పైగా కాగితము మెలికలు తిరుగును. చిక్కని మజ్జిగవలె కుంచెనుండి జారుట సరియైన పాకము. పాఠశాలలలో తరచు జరుగు తప్పు ఒకటి కలదు: సీసా అడుగున దిగిన ముద్దను కలియబెట్టక పైన తేరిన నీటితోనే పని జరుపుదురు. రంగు మంచిది కాదని అంగడివానిని నిందింతురు. సీసాలో గట్టిపడిన రంగును పారవేయువారును కలరు. కొంచెము వెచ్చని నీరు పోసి ఒక రాత్రి యుంచినచో అది చాలవరకు మెత్తబడును.

నీటిరంగులతో వేయు చిత్రమునకును దీనికిని పెద్ద భేదము కలదు. అక్కడ కాగితపు తెలుపే వెలుగు. దానిని ఒకసారి పోగొట్టుకొన్నచో తిరిగి తెచ్చుట కష్టము. ఇక్కడ తెలుపు గూడ ఒక రంగే. నలుపుమీద పసుపు వేయవచ్చును. తప్పిన గీతను ఆరనిచ్చి కప్పివేయవచ్చును. ఈ క్షమాగుణమువలననే ఇది పిల్లలకు, కొత్తవారికి చేరువైనది. కాని ఆ క్షమకు హద్దు కలదు. ఆరిన రంగు గూడ నీరు తగులగానే మరల కరగును. క్రింద ఎరుపు ఉండగా పైన తెలుపు వేయుచు కుంచెను అటునిటు నాలుగుసార్లు రుద్దినచో ఎరుపు లేచి తెలుపును గులాబిగా మార్చును. కావున నిండుగా ఒక్క తాకుడుతో వేసి వదలవలెను. వేయుటకు ముందే నిశ్చయించుకొన్నవానికి ఈ రంగు లొంగును. వేయుచు ఆలోచించువానికి బురద మిగులును.

అక్షరముల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఏలయన మన పోస్టర్లలో బొమ్మకంటె అక్షరమునకే చోటెక్కువ. మన లిపి గుండ్రనిది. చదునైన కుంచెను ఒకే వాలుగా పట్టి త్రిప్పినచో సన్నము, లావు వాటంతటవే వచ్చును. అయితే అక్షరపు కడుపు పూడిపోకుండ చూచుకొనవలెను. పకారమునకు వకారమునకు భేదమంతయు ఒక సన్నని సందులో నున్నది. చిక్కని రంగు ఆ సందును పూడ్చినచో పాడి పశువులు వాడి పశువు లగును. ‘కథ’ అను మాటలోని చుక్క పూడినచో ‘కధ’ యగును. గ్రంథాలయపు గోడమీద ఈ తప్పు కనబడుట మరీ ఎబ్బెట్టు. పసుపుమీద నలుపు, నలుపుమీద తెలుపు దూరమునుండి స్పష్టముగ తెలియును. నీలముమీద ఎరుపు దగ్గర నందముగానే యుండును గాని పది గజములు వెళ్ళగానే అక్షరములు అదరుచున్నట్లు తోచి కన్ను అలయును.

ఇక ఈ జాతి రంగులు లోకములో చేసిన పనిని గూర్చి. 19వ శతాబ్దపు చివర పారిస్ నగరపు గోడలపై జూల్ షెరే, తులూజ్-లోత్రెక్ మున్నగువారి పోస్టర్లు ప్రసిద్ధికెక్కినవి. లోత్రెక్ మూలాన్ రూజ్ నాట్యశాలకు వేసినది 1891 నాటిది. అవి రాతి అచ్చుపై ముద్రించినవి. యంత్రము, కాగితము, ధనము గలచోట సంగతి యది. అవి లేనిచోట చేతి రంగే దిక్కు. 1919లో రష్యాదేశము అంతర్యుద్ధములో నుండగా కాగితమునకు, అచ్చుపనికి కరవు వచ్చినది. సరకులు లేక అంగళ్ళ అద్దపు కిటికీలు బోసిపోయినవి. రోస్టా అను ప్రభుత్వ వార్తాసంస్థ పక్షమున చేరెమ్నిఖ్ అను చిత్రకారుడు, మయకోవ్‌స్కీ అను కవి, మరికొందరు కలిసి ఆ కిటికీలలో బొమ్మల వార్తలు పెట్టసాగిరి. ఒక బొమ్మ వేసి, దాని ఆకారములను అట్టలలో కత్తిరించి, ఆ కంతలగుండ జిగురురంగు అద్ది నకళ్ళు తీసి ఇతర పట్టణములకు పంపిరి. మయకోవ్‌స్కీ బొమ్మలును వేసెను, వాని క్రింది మాటలును వ్రాసెను. వారి రాజకీయము మనకిచట అప్రస్తుతము. చదువురానివాడు నడచుచు నడచుచు గ్రహింపవలెనని వారు పెట్టుకొన్న నియమము మాత్రము మనము గమనింపదగినది.

మన దేశమున ఇట్టి పనికి శిఖరము హరిపురా పోస్టర్లు. కాంగ్రెసు మహాసభలు పట్టణములలోనే కాక పల్లెలలో జరుగవలెనని గాంధీమహాత్ముని కోరిక. 1936 డిసెంబరులో ఫైజ్‌పూర్ గ్రామమున అట్టి మొదటి సభ జరిగినది. 1938 ఫిబ్రవరిలో గుజరాతు దేశమున సూరతు జిల్లాలో, తపతీనది ఒడ్డున, హరిపురా గ్రామమున జరిగిన సభకు సుభాస్ చంద్రబోసు అధ్యక్షులు. ఆ సభాప్రాంగణము నలంకరించు భారమును గాంధీజీ శాంతినికేతనపు కళాభవనాధిపతి నందలాల్ బోసునకు (1882–1966) అప్పగించెను. పల్లెప్రజలు వచ్చుచు పోవుచు చూచి సంతోషించునట్లు, పల్లెలో దొరకు వస్తువులతోనే ఆ పని జరుగవలెనని ఆయన అభిమతము.

నందలాల్ ఏమి చేసెనో చూడుడు. పట్టుబట్టలు తెప్పించలేదు, విదేశపు తైలవర్ణములు తెప్పించలేదు. చేతితో చేసిన కాగితమును గడ్డి అట్టలపై అంటించి, జిగురు కలిపిన మట్టిరంగులతో బొమ్మలు వేసెను. ఒక్కొక్కటి సుమారు రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. తన చేతితో వేసినవి ఎనభై వరకు గలవు. శిష్యులు వానికి నకళ్ళు తీయగా మొత్తము 400 వరకు అయినవని చెప్పుదురు. వానిలో దేవతలు, రాజులు, నాయకులు ప్రధానులు కారు. దుక్కిదున్నువాడు, వడ్రంగి, చెప్పులు కుట్టువాడు, డోలు వాయించువాడు, మల్లుడు, ఎద్దును పట్టువాడు, వడ్లు దంచు స్త్రీ, బిడ్డనెత్తుకొన్న తల్లి. ఎవరు చూచుటకు వచ్చిరో వారే ఆ బొమ్మలలో నుండిరి.

వానిని వేసిన విధము కూడ రంగునకు తగినదే. సన్నని వెలుగునీడల జోలికి పోక, నిండైన పలకలవలె రంగు పరచి, వానిచుట్టు ఒక్క ఊపున నల్లనిగీత గీసినాడు. ఆ గీత కొన్నిచోట్ల లావై, కొన్నిచోట్ల సన్నమై, మనిషి కదలికను పట్టుకొనును. పనిలో తొందర కనబడును, అజాగ్రత్త కనబడదు. బెంగాలు పల్లెపటముల యొక్కయు, అజంతా గోడల యొక్కయు స్మృతి అందులో నున్నదని పెద్దలు చెప్పుదురు. నాకు వేరొక విషయము ముఖ్యముగా తోచును. ఆయన ఆ నాటికే మహాచిత్రకారుడు, 1930లో రవీంద్రుని బాలవాచకము ‘సహజ్ పాఠ్’నకు బొమ్మలు వేసినవాడు, తరువాతి కాలమున మన రాజ్యాంగపు మూలప్రతిని అలంకరింపబోవువాడు. అట్టివాడు కొన్నిదినముల సభకు, ఎండకు గాలికి విడువబడు కాగితములకు తన శక్తినంతటిని వినియోగించెను. కొద్దినాళ్ళదిగదా యని చేయి తేలిక చేయలేదు. హైదరాబాదు చిత్రకారులు కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) శాంతినికేతనమున ఆ నందలాల్ వద్ద శిష్యరికము చేసినవారే.

మట్టిరంగు, చెట్టుజిగురు అనునవి మనకు కొత్త కావు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు నేటికిని పటములు వేయుచున్నారు. బట్టకు తెల్లసుద్ద, గంజి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి ఆరబెట్టి, దానిపై ఎర్రని నేలవేసి కథలు చిత్రింతురు. ఆ పటమును విప్పుచు ఊరూర కులపురాణములు చెప్పు గాయకులకు అదియే పుస్తకము. పూర్వము రాళ్ళు, మన్ను నూరి రంగులు తీసెడివారు. నేడు అంగటి రంగులు గూడ వాడుచున్నారు. ఒక్క మాట ఇక్కడ చెప్పవలెను. పాతకాలపు రంగులన్నియు నిరపాయములని తలపవలదు. ఇంగిలీకము పాదరసము కలది, హరిదళము పాషాణము కలది. బడిపిల్లలకని తయారగు నేటి సీసాలలో ఇట్టివి ఉండరాదు. ఆ మాట సీసామీద చూచియే కొనవలెను. అయినను కుంచెమొన నోటితో తడుపు అలవాటును మాన్పింపవలెను.

కార్యవర్గమువారి ప్రశ్నకు వచ్చుచున్నాను. ఫ్లెక్సీని నేను నిందింపను. వానకాలమున ఆరుబయట జరుగు పెద్దసభకు అది తగినది. పోస్టరు రంగు మొదటి జల్లుకే కారిపోవును. కాని ఫ్లెక్సీ ప్లాస్టిక్ పూసిన బట్ట. దానిపని ఒకదినము, దాని యునికి అనేక సంవత్సరములు. మన గడ్డివాములమీద, కోళ్ళగూళ్ళమీద ముఖములు మాసిన ఫ్లెక్సీలను చూచుచునే యున్నాము. నాకు అంతకంటె ముఖ్యమైన ఆక్షేపణ వేరొకటి కలదు. కొత్తగా వచ్చిన నలువది పుస్తకములలో దేనిని బొమ్మగా వేయవలెనని యువకుడు ఆలోచించినపుడు వాడు కొన్నిటినైనను చదువక తప్పదు. ఒక నవలను ఒక్క బొమ్మలో చూపింపవలెనన్నచో దాని ప్రాణ మెక్కడ నున్నదో వెదుకవలెను. ఈ గ్రంథాలయములో పోస్టర్లు వేసినవారే ఎక్కువ పుస్తకములు తీసికొనిపోయినవారని మీ చందాదారుల రిజిస్టరు చూచిన ఎవరికైనను తెలియును. పట్టణములో కంప్యూటరు ముందు కూర్చున్నవాడు మన పుస్తకములు చదువడు. చదువవలసిన పనియు వానికి లేదు. కావున వానకు తడియని లోపలి వరండాలోని బల్లకైనను చేతి పోస్టరు ఉండవలెనని నా అభిప్రాయము. తెలుపు రెండు సీసాలు, నలుపు, ఎరుపు, పసుపు, నీలము, కావి ఒక్కొక్కటి, మూడు కుంచెలు ఉన్న చాలును. మిగిలిన ఛాయలు కలుపుకొనవచ్చును. కలుపుటలోనే నేర్పు వచ్చును.

పాత చుట్టల విషయము. అన్నిటిని ఉంచుటకు చోటు లేదు, ఉంచవలసిన పనియు లేదు. సంవత్సరమునకు ఒకటి రెండు ఏరుడు. అందమైనవానినే కాక, ఊరి సంగతి తెలుపువానిని ఏరుడు. ధరలు, ఊరి పనులు, వచ్చిన నాటకసమాజముల పేర్లు, ఆనాటి అక్షరపు తీరు అన్నియు అందులో నున్నవి. హరిపురా బొమ్మలను గూడ ఎవరో సభ ముగిసిన పిదప దాచినందుననే అవి నేడు చాలవరకు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలలో నున్నవి. 2019లో ఇటలీదేశపు వెనిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో భారతమండపమున వానిని ప్రదర్శించినారు.

దాచు పద్ధతి సులభమే. చుట్టగా ఉంచినచో ఆరిన రంగు మడతలవెంట పగిలి రాలును. బల్లపరుపుగా, ఒక్కొక్కదాని నడుమ శుభ్రమైన తెల్లకాగితము వేసి ఉంచవలెను. వార్తాపత్రికలు వేయవలదు, వాని ఆమ్లము కాగితమును పసుపుచేయును. తడిగుడ్డ తాకింపనే కూడదు. మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. చిరిగినచోట జిగురుటేపు అంటించినచో కొన్నియేండ్లకు అది గోధుమరంగు మరకగా మిగులును. గంజి, బంక ఉన్నచోటికి బొద్దింకలు, వెండిపురుగులు వచ్చును గనుక ఆరునెలల కొకసారి తీసి చూడవలెను. అద్దము కట్టించునపుడు అద్దము రంగునకు తగులకుండ నడుమ అట్ట అంచు పెట్టించవలెను. లేనిచో వానకాలపు చెమ్మకు రంగు అద్దమునకే అంటుకొనును. ఎండ పడు గోడకు తగిలింపరాదు. కావి, నలుపు నిలుచును. ఇనుము కలిసిన ఎర్రమట్టికి ఎండవలన భయము లేదు. గులాబి, ఊదా, మిలమిలలాడు రంగులు ముందుగా వెలయును.

వానిని వేసినవారిలో కొందరు ఈ సభలోనే యున్నారు. సభానంతరము ఆ చుట్టలను పఠనమందిరపు బల్లలపై విప్పుటకు కార్యదర్శిగారు అనుమతించినారు. దయచేసి వచ్చి, మీ చేతిపనిని గుర్తించి, వెనుకవైపున పెన్సిలుతో పేరు, సంవత్సరము వ్రాయుడు. సిరా వలదు, ముందువైపునకు ఊరును. చుట్టలను ఒక్కసారిగా లాగి విప్పక, జానెడు జానెడు విప్పుచు అంచులపై పుస్తకములు బరువుపెట్టుడు; పిల్లలను నీటిచెంబుతో దగ్గరకు రానీయకుడు.